ఫార్మాట్ కొట్టించే ముందు ఆ పజిల్ ముక్క నొక్కి చూడండి

ప్రశ్న: నేను తెనాలి దగ్గర హైస్కూల్లో టీచర్‌ని. నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది, పోయినేడాది ఎస్ఎస్‌డీ కూడా వేయించాను. అయినా క్రోమ్ తెరిస్తే చాలు, ఫ్యాన్ హోరెత్తుతోంది. ఏదైనా వెతికితే ముందు ఎవరిదో తెలియని సైట్ వస్తోంది. షాపులో రెండుసార్లు ఫార్మాట్ చేయించాను. వారం తిరక్కుండా మళ్లీ అదే పరిస్థితి. ఇక కొత్తది కొనుక్కోమంటున్నారు. కొనమంటారా?

జవాబు: కొనకండి. ‘వారం తిరక్కుండా మళ్లీ’ అన్నారు చూడండి, అసలు సంగతి అక్కడే ఉంది. మిషన్‌లోనే సత్తా తగ్గితే ఫార్మాట్ చేసిన రోజు కూడా నత్తనడకే నడుస్తుంది. మీరు ఫార్మాట్ అయ్యాక మళ్లీ జీమెయిల్‌తో క్రోమ్‌లోకి సైన్ ఇన్ అయ్యుంటారు. సింక్ ఆన్‌లో ఉంటే బుక్‌మార్కులు, పాస్‌వర్డులతో పాటు పాత ఎక్స్‌టెన్షన్లు (క్రోమ్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) కూడా వాటంతటవే వచ్చి చేరతాయి. బయట ఎన్నిసార్లు కడిగినా బురద గూగుల్ ఖాతాలోంచే వస్తోందన్నమాట.

ఒక్క నిమిషంలో తేల్చుకోవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కితే ఇన్‌కాగ్నిటో కిటికీ వస్తుంది. మీరు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప అందులో ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు. మామూలు కిటికీ మూసేసి, రోజూ చూసే సైట్లే అందులో తెరవండి. చకచకా వస్తే మిషన్ తప్పు లేనట్టే.

తర్వాత మామూలు కిటికీలో షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. ఇది క్రోమ్ సొంత టాస్క్ మేనేజర్. చాలామందికి ఇదొకటి ఉందనే తెలియదు. మొన్న సంక్రాంతికి మా పిన్ని ల్యాప్‌టాప్‌లో ఇదే తెరిచాను. మొత్తం 17 ఎక్స్‌టెన్షన్లు. పీడీఎఫ్ మార్చేవే మూడు, కూపన్లు వెతికేవి రెండు, వాతావరణం చెప్పేది ఒకటి. మేం మౌస్ ముట్టుకోకుండా చూస్తూ కూర్చున్నాం. ఆ కూపన్ల ఎక్స్‌టెన్షన్ పక్కన సీపీయూ అంకె 40 దగ్గరే ఆడుతోంది. దాన్ని ఎంచి ఎండ్ ప్రాసెస్ నొక్కగానే కొద్దిసేపట్లో ఫ్యాన్ చప్పుడు తగ్గింది.

ఇంత బరువు ఎందుకంటే, వీటిలో చాలావాటికి ‘అన్ని సైట్లలోని సమాచారాన్ని చదవడం, మార్చడం’ అనే అనుమతి ఇచ్చేస్తాం. దాంతో అవి మీరు తెరిచే ప్రతి పేజీలోనూ తమ కోడ్ దూర్చగలవు. అలాంటివి పది, ట్యాబులు ఇరవై ఉన్నాయనుకోండి, లెక్క మీరే కట్టండి. అలాగని అన్నీ చెడ్డవి కావు. మంచి యాడ్ బ్లాకర్‌కీ ఈ అనుమతే కావాలి, కానీ అది ప్రకటనల్ని ఆపి పేజీ బరువు తగ్గిస్తుంది.

ఇప్పుడు అడ్రస్ బార్ పక్కనున్న పజిల్ ముక్క బొమ్మ నొక్కి, మేనేజ్ ఎక్స్‌టెన్షన్స్‌లోకి వెళ్లండి. అన్నీ ఆఫ్ చేసి, నిజంగా అవసరమైనవి ఒక్కొక్కటే ఆన్ చేస్తూ రండి. చాలావాటి పని మీ మిషన్‌లో ముందే ఉంది. పేజీని పీడీఎఫ్ చేయాలంటే కంట్రోల్ పీ కొట్టి, సేవ్ యాజ్ పీడీఎఫ్ ఎంచుకుంటే చాలు. స్క్రీన్‌షాట్‌కి విండోస్, షిఫ్ట్, ఎస్. తెలుగు టైపింగ్ కోసమూ ఎక్స్‌టెన్షన్ అక్కర్లేదు. 2019 మే అప్‌డేట్ నుంచి విండోస్ 10లోనే తెలుగు ఫోనెటిక్ కీబోర్డు ఉంది, ఇంగ్లిష్ అక్షరాలతో ‘అమ్మ’ అని కొడితే తెలుగులో పడుతుంది.

మీ సెర్చ్‌ని దారి మళ్లిస్తున్న దాన్ని మాత్రం ఆఫ్ చేసి ఊరుకోవద్దు, రిమూవ్ చేయండి. రిమూవ్ బటనే కనిపించకపోతే ఏదో ప్రోగ్రాం దాన్ని లోపల పాతిపెట్టిందని అర్థం. విండోస్ సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితాను తేదీల వారీగా పెట్టి, మీరు వేయనిదేదో చూసి తీసేయండి, ఆపైన విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్‌తో ఫుల్ స్కాన్ చేయండి. అన్నిటికన్నా ముఖ్యం, బ్యాంకు, మెయిల్, స్కూలు పోర్టల్ పాస్‌వర్డులు ఇవాళే ఫోన్ నుంచి మార్చేయండి. ప్రతి పేజీ చదవగలిగేది ఇన్నాళ్లు మీ మిషన్‌లో ఉంది కదా. నాకు స్పీడు కన్నా ఇదే ఎక్కువ ఆందోళన.

‘పేరున్నదే కదా వేశాను’ అంటారేమో. ది గ్రేట్ సస్పెండర్ అని, వాడని ట్యాబుల్ని నిద్రపుచ్చి మెమరీ ఆదా చేసే ఎక్స్‌టెన్షన్ ఉండేది. లక్షలమంది నమ్మి వాడారు. 2020లో అది చేతులు మారింది. 2021 ఫిబ్రవరిలో మాల్‌వేర్ (హాని చేసే కోడ్) ఉందంటూ గూగుల్ దాన్ని తీసేసింది. వేసుకున్న రోజు మంచిదే, అప్‌డేట్ రూపంలో చెడింది. అందుకే నెలకోసారైనా ఆ జాబితా చూసుకోమంటాను.

ప్రశ్న: వరంగల్‌లో అకౌంటెంట్‌ని. చిన్న ఎక్సెల్ ఫైలు తెరవడానికే నిమిషం పడుతోంది.

జవాబు: కంట్రోల్ కీ నొక్కి పట్టుకుని ఎక్సెల్ ఐకాన్ క్లిక్ చేయండి. సేఫ్ మోడ్‌లో తెరవాలా అని అడుగుతుంది, యెస్ అనండి. అలా వెంటనే తెరుచుకుంటే యాడ్-ఇన్లే, అంటే ఎక్సెల్‌కి తగిలించిన అదనపు ప్రోగ్రాములే కారణం. పీడీఎఫ్, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లు వేసినప్పుడు కొన్ని ఎక్సెల్‌లో కూడా తమ ట్యాబు పెట్టేస్తాయి. మామూలుగా తెరిచి ఫైల్, ఆప్షన్స్, యాడ్-ఇన్స్‌కి వెళ్లి, అడుగున మేనేజ్ దగ్గర కామ్ యాడ్-ఇన్స్ ఎంచుకుని గో నొక్కండి. టిక్కులు ఒక్కొక్కటే తీస్తూ చూడండి. జీఎస్టీ పనికి వాడేది ఏదో ముందు ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: స్పీడ్ పెంచే బూస్టర్ వేయమంటారా? యాంటీవైరస్‌లు ఇప్పటికే రెండున్నాయి.

జవాబు: బూస్టర్ వద్దు. యాంటీవైరస్‌లలో ఒకటి ఇవాళే తీసేయండి. రెండూ ఒకే ఫైలు మీద పడి తనిఖీ చేస్తుంటే మిషన్‌కి ఊపిరాడదు. తీసేశాక ఒకసారి రీస్టార్ట్ చేసి, విండోస్ టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ జాబితా చూడండి. ఇంపాక్ట్ ‘హై’ అని ఉన్నవాటిలో రోజూ వాడనివి డిజేబుల్ చేయండి.