తేలిగ్గా అయిపోతే తప్పేమిటి?

ప్రశ్న: నేను ఒక ఆఫీసులో లెక్కలు చూస్తాను. నెలాఖరు రిపోర్టు ముందు రిజిస్టర్లో చేత్తో రాసుకుని, తర్వాత కంప్యూటర్లో ఎక్కించి, మళ్ళీ రెండూ పక్కపక్కన పెట్టి సరిచూస్తాను. ఇంట్లోనూ అంతే. పిల్లల బ్యాగులు నేనే సర్దాలి, బట్టలు నేనే మడతపెట్టాలి. ఎవరైనా సాయం చేస్తామంటే వద్దంటాను. వాళ్ళు అలవోకగా చేసేస్తుంటే నాకది నిర్లక్ష్యంలా కనిపిస్తుంది. మొన్న మా తమ్ముడు ‘అక్కా, సగం కష్టం నువ్వు కొనితెచ్చుకున్నదే’ అన్నాడు. చాలా కోపం వచ్చింది. కానీ ఆ మాటే బుర్రలో తిరుగుతోంది. ఏది తప్పని కష్టమో, ఏది నేను పెట్టుకున్నదో తెలిసేదెలా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరం చదువుతూ ఆ రిజిస్టర్ దగ్గర ఆగిపోయాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో అలా చేయమని చెప్పి ఉంటారు. లేదా ఎప్పుడో ఒక అంకె తప్పు పడి మాట పడి ఉంటారు. ఆ రోజున అది మంచి జాగ్రత్తే.

అబ్రహం లుచిన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1942లో ఒక ప్రయోగం గురించి రాశాడు. 21, 127, 3 కొలతలు పట్టే మూడు జాడీలున్నాయి, 100 కొలతల నీళ్ళు కావాలి. పెద్ద జాడీ నింపి, అందులోంచి 21 ఒకసారి, 3 రెండుసార్లు తీసేస్తే సరి. ఇదే పద్ధతిలో తేలే లెక్కలు వరసగా చేయించాడు. ఆ తర్వాత 23, 49, 3 జాడీలిచ్చి 20 కావాలన్నాడు. 23లోంచి 3 తీస్తే అయిపోతుంది. అయినా చాలామంది 49 నింపి, అందులోంచి 23 తీసి, మళ్ళీ రెండుసార్లు 3 తీశారు. లెక్క కుదిరింది కదా, ఇక ఇంకో దారి ఉందేమోనని వెతకాలని తోచలేదు. మొదటి లెక్కలు చేయనివాళ్ళకు మాత్రం దగ్గరి దారి సులువుగా కనిపించింది.

మీ రిపోర్టు కూడా ప్రతి నెలా సరిగ్గానే వస్తోంది. అందుకే చుట్టుదారి మీ కంట పడటం లేదు. బయటినుంచి చూసే తమ్ముడి కంట పడింది.

సరిచూడటం మానమని నేననను. లెక్కల పనిలో అది ఉండాల్సిందే. కానీ ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎక్కించేటప్పుడే కదా 54 కాస్తా 45 అవుతుంది! రిజిస్టర్ మీకు కాపలా కాస్తోందనుకుంటున్నారు, తప్పు దొర్లే చోటు ఇంకొకటి పెంచుతోంది. బిల్లుల నుంచి నేరుగా కంప్యూటర్లో ఎక్కించి, ఆ బిల్లులతోనే ఒకసారి సరిచూడండి. రిజిస్టర్ తప్పనిసరి అని ఆఫీసు నియమం ఉంటే ఆ సంగతి వేరు. ముందు అది కనుక్కోండి.

బట్టలు మడతపెట్టడం మీకు ఇష్టమైతే హాయిగా పెట్టుకోండి. ఇష్టం లేకపోతే వంకర మడతతో ఎవరికీ నష్టం లేదు. బ్యాగులు మాత్రం పిల్లలకు వదిలేయండి. ఒకరోజు ఏదో పుస్తకం మర్చిపోతారు, మర్నాడు వాళ్ళే చూసుకుంటారు. ఆ కాస్త కష్టం వాళ్ళకు కావాలి, అది కూడా మీరే పడుతున్నారు.

ఏ పని గురించి అనుమానం వచ్చినా, ఇది మానేస్తే ఎవరికి ఏం పోతుందో ఒక్క వాక్యంలో రాయండి. మంచం పట్టినవాళ్ళకు సేవ చేస్తున్నా, అప్పు తీరుస్తున్నా ఆ వాక్యం చకచకా పడుతుంది. అది అసలైన కష్టం, అక్కడ కావలసింది చేతిసాయం. ‘ఎప్పుడూ ఇలాగే చేస్తాను’ అని తప్ప ఇంకేం రాయలేకపోతే, ఆ పనిని ఒక నెల పక్కన పెట్టి చూడండి.

మొదట టెన్షన్ వస్తుంది, ఏదో ఎగ్గొట్టినట్టుంటుంది. వచ్చినా పర్వాలేదు. నాకు భయమల్లా అలా పని తగ్గి మిగిలే గంట గురించే. మీ తీరు చూస్తే దాన్ని ఇంకో పనితో నింపేసేలా ఉన్నారు. దయచేసి అలా చేయకండి. రిపోర్టు అయిపోయిన రోజు ఊరికే కూర్చోండి.