సాన మీద సందేహాలు

ఈసారి ఉత్తరాలన్నీ పదును గురించే. చాకు, కత్తిపీట, కత్తెర, కొడవలి, ఉలి అంటూ ఎవరి పనిముట్టు వారిది. అడిగిన తీరు వేరైనా మూలం చాలావాటికి ఒకటే కాబట్టి మొదటి జవాబు కాస్త పెద్దదిగా ఇస్తున్నాం. తక్కినవాళ్లు కూడా ముందు అది చదివి మీ జవాబుకు రండి.

ప్ర: రెండు వైపులా రెండు రకాల గరుకున్న సానరాయి కొన్నాను. అరగంట నూరినా చాకు టమాటా తొక్క మీద జారిపోతోంది. రాయి మంచిది కాదా?
– ఒక పాఠకురాలు, భీమవరం

జ: రాయిని అనకండి. మీరు అరగంటా అరగదీసింది అంచును కాదు, అంచుకు కాస్త పైనున్న భాగాన్ని. నమ్మకం లేకపోతే మార్కర్ పెన్నుతో అంచు పొడవునా రెండు వైపులా రంగు పూసి, రాతి మీద నాలుగుసార్లు నడిపి చూడండి. రంగు పైభాగంలో చెరిగి, అంచు దగ్గర అలాగే ఉంటే చాకును మరీ పడుకోబెట్టారన్నమాట. అంచు దగ్గర మాత్రమే చెరిగితే మరీ నిలబెట్టారు.

కోణానికి కొలబద్ద అక్కర్లేదు. చాకు వెడల్పులో మూడో వంతు ఎత్తున వెన్ను రాతికి పైన ఉంటే అది దాదాపు 20 డిగ్రీలు. 36 మి.మీ. వెడల్పున్న చాకు వెన్ను 12 మి.మీ. పైకి లేవాలి. మనం రోజూ వాడే స్టీలు చాకులకు ఇది సరిపోతుంది. గట్టి ఉక్కుతో చేసిన జపాన్ రకం చాకులైతే నాలుగో వంతు చాలు, అది 15 డిగ్రీలకు దగ్గర. చవక చాకును కూడా అంత పలచగా నూరితే రెండు రోజుల్లో అంచు వాలిపోతుంది.

రాయిని బుడగలు రావడం ఆగేదాకా, అంటే పది నిమిషాలు నీళ్లలో ఉంచండి. కింద తడిగుడ్డ వేస్తే రాయి జారదు. గరుకు వైపుతో మొదలుపెట్టండి. పిడి ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి రెండు మూడు వేళ్లు చాకు పలక మీద, అంచుకు దగ్గరగా ఆనించండి. ఆ వేళ్లు ఎక్కడుంటే అక్కడే అరుగుతుంది. ఎంత నొక్కాలో తెలియాలంటే రాయిని వంటింటి తూకం మీద పెట్టి ఒకసారి నొక్కి చూడండి. గరుకు వైపున కిలో, కిలోన్నర బరువు చాలు.

ఇప్పుడు అసలు సంగతి. ఒకే వైపు నూరుతూ పోతే, ఉక్కు అరిగి అరిగి అంచు అవతలి వైపుకి సన్నటి రేకులా వంగుతుంది. దాన్ని ఇక్కడ ‘మడత’ అందాం. అది కంటికి ఆనదు, వేలికి తెలుస్తుంది. బొటనవేలిని అవతలి వైపున వెన్ను నుంచి అంచు మీదుగా బయటికి, అడ్డంగా జార్చండి. పొడవునా మాత్రం ఎప్పుడూ జార్చకూడదు. చిన్న గీర తగిలితే మడత వచ్చినట్టే. వేలిని నమ్మలేకపోతే దూది తీసుకుని అలాగే లాగండి, పోగులు చిక్కుకుంటాయి. పిడి దగ్గర్నుంచి మొన దాకా ఎక్కడా ఖాళీ లేకుండా మడత తగిలితేనే రెండో వైపుకి తిప్పాలి. ఇన్నిసార్లు నూరాలి అని లెక్క చెప్పేవాళ్లను నమ్మకండి. పది సార్లకే రావచ్చు, రెండొందల సార్లు పట్టవచ్చు. బాగా మొద్దుబారిన చాకుకు మొదటిసారి ఇరవై నిమిషాలు పట్టినా వింత లేదు.

రెండు వైపులా మడత వచ్చాక సన్న వైపుకి మారండి. బరువు సగానికి తగ్గించండి. ఇటు పది, అటు పది, తర్వాత ఐదేసి, మూడేసి, చివరికి ఒక్కొక్కటి. ఆఖర్న వార్తాపత్రిక నాలుగు మడతలు పెట్టి రాతి మీద పరిచి, వెన్ను ముందు, అంచు వెనక ఉండేలా పదేసిసార్లు లాగండి. పాత తోలు బెల్టు లోపలి వైపైతే ఇంకా మంచిది. ఇక్కడ మడత ఊడిపోవాలి. ఊడకుండా మిగిలితే చాకు మొదటి రోజు బ్లేడులా తెగి, రెండో రోజుకే మొద్దుబారుతుంది. “సాన పట్టినా పదును నిలవడం లేదు” అనే ఫిర్యాదులో సగం కథ ఇదే.

కొన్నాళ్లకు ఇది చెవికీ తెలుస్తుంది. కోణం కుదిరినప్పుడు మొదటి నుంచి చివరి దాకా ఒకే ‘సర్ర్’మనే శబ్దం. చేయి ఊగితే మధ్యలో శ్రుతి తప్పుతుంది.

ప్ర: రాతి మీద నీళ్లు పోయాలా, నూనె వేయాలా?
– వరంగల్ నుంచి

జ: ఏదైనా ఫరవాలేదు, ఒకసారి నూనె తాగిన రాయి మళ్లీ నీళ్లకు సరిగా పనికిరాదు. నూనె వాడితే కుట్టుమిషను నూనె వాడండి. వేరుశనగ, పొద్దుతిరుగుడు లాంటి వంటనూనెలు నాలుగు రోజులకు బంకకట్టి రాతి కన్నాలు మూసేస్తాయి.

ప్ర: మా అమ్మగారి ఇనప కత్తిపీట ఉంది. బ్లేడును పీట నుంచి తీయడం కుదరదు. దానికి సాన ఎలా పట్టాలి?
– ఒక పాఠకుడు, కర్నూలు

జ: చాకుకు రాయి కదలదు, చాకు కదులుతుంది. కత్తిపీటకు తిరగేసి చేయాలి. కూరలు తరిగేటప్పుడు కూర్చునే వైపు కూర్చోవద్దు, అంచు మీ వైపే చూస్తుంది. వెనక్కి వెళ్లి, వెన్ను మీ వైపు ఉండేలా కూర్చోండి. పీటను బల్లకు క్లాంపుతో బిగించండి. కాలితో తొక్కి పట్టడం కూరలు తరగడానికే, సానకు కాదు. అరచేతిలో పట్టే చిన్న రాయిని, లేదా కొడవళ్లకు వాడే పడవ ఆకారం రాయిని తడిపి, వెన్ను నుంచి అంచు వైపుకి, కింద నుంచి మొన దాకా ఏటవాలుగా తోయండి. అంచు లోపలికి వంపు తిరిగిన చోట రాతి పలక ఆనదు, రాతి గుండ్రటి వార ఆనించాలి. వేళ్లు ఎప్పుడూ రాతి పై అంచు దాటి ముందుకు రాకూడదు. మడత పరీక్ష మామూలే.

కొబ్బరి కోరు పళ్ల మీద రాయి పెట్టకండి. మూడు పలకల సన్న ఆకురాయితో ఒక్కో సందులో రెండు మూడుసార్లు, ఒకే వైపుకి తోస్తే చాలు.

పింగాణీ కప్పు అడుగున మెరుపు లేని గరుకు వలయం ఉంటుంది చూడండి. రాయి లేని రోజున చాకైనా కత్తిపీటైనా దాని మీద అయిదారుసార్లు గీస్తే ఆ పూటకి గడుస్తుంది.

ప్ర: మామిడికాయ కొట్టే కత్తికి కొత్తగా సాన పట్టించాం. రెండు డజన్ల కాయలకే అంచు పెచ్చులూడింది. కొన్ని ముక్కలకు టెంక తెగక చితుకుతోంది.
– ఒక పాఠకురాలు, నూజివీడు

జ: ఇవి రెండూ వేర్వేరు జబ్బులు. పెచ్చులూడటానికి కారణం కూరల చాకుకు పట్టినట్టు పలచగా సాన పట్టడం. ఆవకాయ కత్తి కోయదు, చీలుస్తుంది. ముదురు టెంకను నిలువునా చీల్చాలంటే అంచు వెనక దన్ను ఉండాలి. ఒక్కో వైపు 25 నుంచి 30 డిగ్రీలు పెట్టండి, అంటే అంచు దగ్గర రెండు వైపులా కలిసి 50 పైమాటే. ఊడిన పెచ్చులన్నీ పోయేదాకా ముందు ఆకురాయితో అంచును సమం చేసి, తర్వాత ఈ కోణంతో గరుకు రాతి మీద పట్టండి. దీనికి సన్నరాయి పదును అవసరమే లేదు.

చితకడానికి కారణం చాలాసార్లు అంచులో ఉండదు, బిగింపులో ఉంటుంది. కత్తిని పీటకు పట్టి ఉంచే బోల్టు వదులైతే, కత్తి దిగేటప్పుడు పక్కకి వాలుతుంది. కొస పట్టుకుని పక్కలకు ఊపి చూడండి. లొటలొటలాడితే వాషరు వేసి బిగించాలి, కత్తి మాత్రం తన బరువుకి తాను దిగేంత వదులు ఉంచాలి. రెండోది, కత్తి దిగే చోట చెక్కలో గాడి. ఏటేటా అక్కడే పడీపడీ గాడి వెడల్పవుతుంది. అప్పుడు ముక్క అడుగున ఆనే చోటు లేక, తెగాల్సింది గాడిలోకి వంగి చిరుగుతుంది. అడుగున తొక్క వేలాడుతూ వచ్చే ముక్కలు దానికి గుర్తు. ఆ చోట కొత్త చెక్క ముక్క దింపించుకోండి.

పని అయిన గంటలోపే కత్తిని కడిగి ఆరబెట్టి కొబ్బరినూనె రాయండి. పచ్చి మామిడి పులుపు రాత్రంతా ఉంటే, పొద్దునకి సన్నటి అంచునే ముందు తినేస్తుంది.

ప్ర: వీధిలో సైకిలు మీద సానచక్రం తెచ్చేవాళ్ల చేత పట్టిస్తే కత్తి పాడవుతుందంటారు. నిజమా?
– ఖమ్మం నుంచి

జ: చక్రం వల్ల కాదు, వేడి వల్ల. మామూలు ఇనప కత్తి ఉక్కు వేడెక్కే కొద్దీ రంగు మారుతుంది. 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎండుగడ్డి రంగు, 280 దగ్గర ఊదా, 300 దగ్గర నీలం. అంచు మీద నీలి మరక కనిపించిందంటే అక్కడ ఉక్కు గట్టిదనం పోయినట్టే, ఎంత పదును పెట్టినా నిలవదు. సన్నటి అంచు కాబట్టి ఇది కళ్లు మూసి తెరిచేలోపు జరుగుతుంది. చేయి తిరిగినవాళ్లు చక్రం మీద ఒకసారి లాగి వెంటనే నీళ్లలో ముంచుతారు, ఒకే చోట ఆపరు. కత్తి ఇచ్చేటప్పుడు పక్కన నీళ్ల డబ్బా ఉందా లేదా చూడండి, అంతే. నీలం వచ్చిన కత్తిని పారేయక్కర్లేదు. ఆ మేరకు రాతి మీద నెమ్మదిగా అరగదీస్తే లోపలి మంచి ఉక్కు బయటపడుతుంది.

ప్ర: గ్రానైట్ బండ మీదే కూరలు తరుగుతాను. చాకు వారానికే మొద్దుబారుతోంది.
– హైదరాబాద్ నుంచి

జ: గ్రానైటులోని స్ఫటికం చాకు ఉక్కు కన్నా గట్టిది. ప్రతి వేటుకూ అంచు బండకు తగిలి నలుగుతోంది. గాజు పలకా అంతే. చెక్క పీట కొనుక్కోండి.

ప్ర: బట్టలు కత్తిరించే పెద్ద కత్తెరకు సాన పట్టాను. ఇప్పుడు గుడ్డ తెగకుండా మధ్యకి మడతపడి ఇరుక్కుంటోంది.
– ఒక దర్జీ, మచిలీపట్నం

జ: లోపలి ముఖాన్ని రాతి మీద రుద్ది ఉంటారు. కత్తెరకు ప్రాణం ఆ లోపలి ముఖమే. రెండు రేకులూ కొద్దిగా విల్లులా వంగి, ఏ క్షణాన చూసినా ఒక్క బిందువు దగ్గరే ఒకదాన్నొకటి ఒరుసుకోవాలి. లోపలి వైపు అరిగితే ఆ ఒరిపిడి పోయి రేకుల మధ్య సందు వస్తుంది, గుడ్డ అందులోకి దూరుతుంది. సాన ఎప్పుడూ బయటి వాలుకే. అది చాకులా వాలుగా ఉండదు, దాదాపు నిటారుగా 70–80 డిగ్రీలుంటుంది. మార్కర్ పూసి, పాత వాలునే పట్టుకుని, పిడి నుంచి మొన దాకా ఒకే విసురులో నడపండి. మడతను రాతితో తీయకూడదు. స్క్రూ బిగించి కత్తెరను నెమ్మదిగా ఒకసారి మూస్తే రెండు రేకులూ ఒకదాని మడత ఒకటి గీసేసుకుంటాయి.

మీ కత్తెరకు ముందు స్క్రూ కాస్త బిగించి చూడండి. తడిపిన పలచటి నూలు గుడ్డను మొనతో కత్తిరిస్తే తెగాలి. అప్పటికీ ఇరుక్కుంటే రేకులకు మళ్లీ వంపు పెట్టాలి, అది కత్తెరలు బాగుచేసేవాళ్ల పని. మొన్నటిదాకా బాగా నడిచిన కత్తెరను ఇసుక కాగితం మీద కత్తిరించి పదును చేయబోవడం కూడా మానండి. అది అంచును గరుకు చేస్తుందే గానీ నూరదు.

ప్ర: కక్కు కొడవలికి ఇంట్లో పదును పెట్టుకోవచ్చా?
– సూర్యాపేట నుంచి

జ: కక్కులున్న వైపు ముట్టుకోకండి. నున్నటి వెనక వైపును రాతికి పూర్తిగా ఆనించి పది పదిహేనుసార్లు రుద్దండి, పళ్ల కొసలు మళ్లీ తేలతాయి. కక్కులే అరిగిపోతే కొలిమికి తీసుకెళ్లి మళ్లీ కొట్టించుకోవాల్సిందే.

ప్ర: ఉలికి ముందు వైపు ఎంత నూరినా చెక్క మీద నున్నగా పోవడం లేదు.
– చెక్కపని నేర్చుకుంటున్న పాఠకుడు, బెంగళూరు

జ: వెనక వైపు చూశారా? అంచు అంటే రెండు ముఖాలు కలిసే గీత. వెనక ముఖం కొస దగ్గర 20 మి.మీ. మేర అద్దంలా చదునుగా లేకపోతే ముందు ఎంత చేసినా వృథా. గాజు పలక మీద తడి వాటర్ పేపరు పరిచి 220, 400, 1000 నంబర్ల వరుసలో రుద్దండి. ఇది ఉలి జీవితంలో ఒకేసారి చేసే పని. ముందు వాలు 25 డిగ్రీలు, కొసన సన్నగా 30. గుంట పడ్డ సానరాయిని కూడా అదే గాజు పలక మీద, గరుకు కాగితంతో చదును చేసుకోవచ్చు. ముందు రాతి మీద పెన్సిలుతో గళ్లు గీయండి. గళ్లన్నీ చెరిగితే చదునైనట్టు.

ప్ర: నవ్వకండి. నాకు సాన పట్టడం వ్యసనమైంది. ఇంట్లో కత్తులన్నీ అయిపోయి పక్కింటివి అడుగుతున్నాను. ఎక్కువ పట్టడం వల్ల నష్టముందా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, విజయవాడ

జ: నవ్వడం లేదు. మీలాంటి ఉత్తరాలు ఇంకో నాలుగు వచ్చాయి. వేలి కింద మడత పుట్టడం, తోలు మీద అది మాయమవడం, వేలాడదీసిన వార్తాపత్రిక శబ్దం లేకుండా రెండుగా విడిపోవడం, ఇవి ఒకసారి రుచి చూస్తే వదలవు. నష్టమల్లా గరుకు రాతితోనే. అది దిగిన ప్రతిసారీ ఉక్కు పోతుంది, చాకు సన్నబడుతుంది. ఇంటి చాకుకు గరుకు రాయి ఏడాదికోసారి, సన్నరాయి రెండు మూడు నెలలకోసారి చాలు. తోలు మీద మాత్రం రోజూ పదిసార్లు లాగండి, అరిగేది లెక్కలోకి రాదు. చేతులు ఊరుకోకపోతే సంతలో తుప్పుపట్టిన పాత కత్తులు తూకానికి దొరుకుతాయి. ఒక్కోటి రెండు ఆదివారాలకు సరిపోతుంది.

పక్కింటి కత్తులు తిరిగిచ్చేటప్పుడు నోటితో చెప్పి ఇవ్వండి. మొద్దు కత్తికి అలవాటుపడ్డ చేయి ఎప్పటిలాగే గట్టిగా నొక్కుతుంది, వేళ్లు తెగేది అప్పుడే. రాతి మీద తేలిన నల్లటి నీళ్లు సింకులో పోయకుండా పాత గుడ్డతో తుడిచి పారేయండి, ఆ బురద పైపు వంపులో పేరుకుపోతుంది.