సమాధానం: సర్వేలో ఊళ్లోవాళ్లు మాట్లాడటం లేదంటే

తమ్ముడూ, అమలాపురం నుంచి మారేడుమిల్లి వైపు వెళ్లి అక్కడి గిరిజనులైన కొండరెడ్ల తిండి అలవాట్ల మీద నలభై ప్రశ్నలు అడిగితే, "ఊఁ" అనేసి పనిలోకి వెళ్లిపోతున్నారన్నావు. టెన్షన్ పడకు. ఆ ప్రశ్నలన్నీ వాళ్లని అడగకుండానే తయారయ్యాయి, చిక్కంతా అక్కడే ఉంది.

ఈసారి ఫారాలు బ్యాగులోంచి తీయకు. ముందు ఊరి పెద్దల్ని కలువు. పొలం పనులు లేని సాయంత్రం చూసుకుని అందరితో కూర్చో. "తిండి విషయంలో మీకేం తెలుసుకోవాలని ఉంది?" అని అడుగు. జీలుగు చెట్ల సంగతో, రేషన్ బియ్యం వచ్చాక సామలు తగ్గడమో వాళ్లే ఎత్తొచ్చు. దాన్నిబట్టి ప్రశ్నలు మార్చు. ఊళ్లో చదువుకున్న ఒకరిద్దరిని కూలి ఇచ్చి సర్వేలో కలుపుకో. ఈ ఖర్చు గురించి మీ కాలేజీ గైడ్‌తో ముందే మాట్లాడు.

సర్వేకి ఒప్పుకుంటున్నామని వాళ్లు పెట్టే సంతకాల సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకు. అమెరికాలో హవసుపాయి తెగవాళ్లు 1990ల్లో మధుమేహ పరిశోధన అనుకుని రక్తం ఇస్తే, దాన్ని స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బు లాంటి వేరే విషయాల పరిశోధనలకూ వాడేశారు. తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. వాళ్లు కోర్టుకెక్కాక 2010లో ఆ పరిశోధన చేసిన యూనివర్సిటీ 7 లక్షల డాలర్లు చెల్లించి, రక్తం నమూనాలు తిరిగిచ్చింది. అందుకే నువ్వు సేకరించింది దేనికి వాడతావో, ఫోటోలు ఎక్కడ పెడతావో ముందే చెప్పు. రిపోర్టు రాశాక ఊళ్లో చదివి వినిపించు, వాళ్లు వద్దన్నది తీసేసి అప్పుడు కాలేజీకి ఇవ్వు.