పూల్‌లో నీళ్లు తగ్గుతున్నాయా? ముందు బకెట్ తెచ్చుకోండి

చాండ్లర్‌లో ఈ మధ్యే ఇల్లు కొన్న ఒక తమ్ముడు అడుగుతున్నారు: పెరట్లోని స్విమ్మింగ్ పూల్‌లో రోజూ పావు అంగుళం నీళ్లు తగ్గుతున్నాయట, లీకు కనిపెట్టేవాళ్లను పిలవాలా అని.

వద్దు. ఇది జూన్ నెల, ఉంటున్నది ఆరిజోనా. ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీట్, గాలిలో తేమ నామమాత్రం. పావు అంగుళం ఎండకు ఆవిరయ్యే నీళ్లే. గాలి విసురుగా ఉన్న రోజు ఇంకాస్త ఎక్కువే పోతాయి. పదిహేను అడుగుల వెడల్పు, ముప్ఫై అడుగుల పొడవు పూల్‌లో ఒక అంగుళం అంటే సుమారు 280 గ్యాలన్లు. పావు అంగుళం చొప్పున నెలకు 2,100 గ్యాలన్లు. ఈ లెక్క వేసుకుంటే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది.

మేము పూల్ ఉన్న ఇల్లు కొన్న కొత్తలో నాకూ అంతే అయింది. డాలరును రూపాయల్లోకి మార్చి చూసుకోకుండా కాఫీ కూడా తాగని రోజులవి. మీకు అడగడానికి నేనున్నాను, నాకు ఎవరూ లేరు. కంగారుపడి ఒక కంపెనీకి ఫోన్ చేశాను. ఇద్దరు వచ్చి, గొట్టాల్లోకి గాలి ఎక్కించి, చెవులకు యంత్రం తగిలించుకుని విని, కొన్ని వందల డాలర్ల బిల్లు చేతిలో పెట్టి, లీకు లేదని నవ్వుతూ వెళ్లిపోయారు. ఆ డబ్బుతో మా ఊరి బావికి పూడిక తీయించవచ్చని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఆ దెబ్బకు నేను రెండో వైపుకు పోయాను. ఎంత తగ్గినా ఎండే అని వదిలేశాను. మా పూల్‌కు నీళ్లు తగ్గగానే తనంతట తానే నింపుకునే తేలుడు వాల్వు ఉంది. మనవాళ్లు దాన్ని చూసి సౌకర్యం అని మురిసిపోతారు. లీకును మన కంటికి కనపడకుండా దాచేది కూడా అదే. మట్టం ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది, పెరిగేది బిల్లే. పైగా చలికాలం వచ్చింది. ఇక్కడ చాలా నగరాలు చలికాలపు నీటి వాడకం సగటు చూసి మురుగునీటి రుసుము నిర్ణయిస్తాయి. ఆ నెలల్లో కారిన నీటికి ఆ తరువాత ఏడాది పొడవునా కప్పం కట్టాను.

ఇప్పుడు అసలు పని చెబుతాను, ఖర్చు ఒక బకెట్. ముందు ఆ వాల్వు మూసేయండి. ఎవరూ ఈతకు దిగని, వాన సూచన లేని రోజు చూసుకోండి. బకెట్‌ను పూల్ నీళ్లతోనే నింపి రెండో మెట్టు మీద పెట్టండి, నీళ్లు లోపలా బయటా ఒకే మట్టంలో ఉండాలి. రెండు వైపులా టేపు అంటించి గీత గీయండి. ఇరవై నాలుగు గంటల తరువాత చూడండి. రెండూ సమానంగా తగ్గితే ఎండ పని. బయట గీత నుంచి ఎక్కువ దిగితే లీకు. పంపు నడుస్తుండగా ఒకసారి, ఆపి ఒకసారి చేయండి. నడుస్తున్నప్పుడే ఎక్కువ పోతుంటే, పంపు నుంచి పూల్‌కు నీళ్లు తిరిగి తెచ్చే గొట్టాన్ని అనుమానించాలి.

మా ఇంట్లో లీకు ఉన్నది స్కిమ్మర్ మూతి దగ్గర, అంటే నీటి మీద తేలే ఆకులూ చెత్తా లోపలికి లాక్కునే పూల్ గోడలోని కన్నం దగ్గర, ప్లాస్టిక్కు కాంక్రీటును కలిసే చోట. పట్టింది జిలేబీల కోసం కొన్న ఎర్ర రంగు. పంపు ఆపి, నీళ్లు నిలకడకు వచ్చాక బీటు పక్కన ఒక చుక్క వదిలాను. రంగు చెదరకుండా సన్నని దారంలా సాగి బీటులోకి దూరిపోయింది. నీటి అడుగున గట్టిపడే పుట్టీ తెచ్చి నేనే పూశాను. ఇంజనీరు చదువు అలా ఒక్కసారైనా పనికొచ్చింది.

నీళ్లు స్కిమ్మర్ మూతికి సగం వరకు ఉండాలి. అంతకంటే బాగా దిగితే పంపు గాలి పీల్చి కాలిపోతుంది, అది నీటి బిల్లు కంటే పెద్ద దెబ్బ. జూలై వానలకు మట్టం పెరిగితే కంగారు అక్కర్లేదు, కొద్దిగా తోడేస్తే చాలు. కోపం వచ్చి ఎండాకాలంలో మొత్తం ఖాళీ మాత్రం చేయకండి, ఎండకు లోపలి పూత పగులుతుంది. నీళ్లు ఎక్కడికి వదలాలి, కంచె ఎంత ఎత్తు ఉండాలి అనేవి మీ నగరం వెబ్‌సైటులో ఉన్నాయి, చదువుకోండి.

రాత్రిపూట పైన కవరు కప్పితే ఆవిరయ్యే నీళ్లు బాగా తగ్గుతాయి. అయితే అది కొనేముందు బకెట్ పరీక్ష చేసి, రెండు గీతల కొలతలు నాకు రాయండి. అప్పటిదాకా ఎవరికీ చెక్కు రాయవద్దు.