రోడ్డు, డ్రైను, నీళ్ళ పైపు: చిన్న ఊళ్ళో ఏ పని ముందు చెయ్యాలి?

మీరడిగింది ఇది: గోదావరి డెల్టాలో పాతికవేల జనాభా ఉన్న మీ ఊరికి కొంత నిధులొచ్చాయి. వార్డు జనం సీసీ రోడ్డు వెయ్యమంటున్నారు. పెద్దలు భూగర్భ డ్రైనేజీ అంటున్నారు. కుళాయిలో మాత్రం రోజు విడిచి రోజు గంటసేపు నీళ్ళు, అవి కూడా మొదట్లో వాసన. దేనితో మొదలుపెట్టాలి?

నేను మున్సిపల్ ఇంజినీరింగ్‌లో ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీరు) చేరి డీఈగా (డిప్యూటీ ఇంజినీరు) రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం డెల్టా ఊళ్ళలోనే గడిచింది. నా జవాబు: నీళ్ళ పైపు ముందు, సైడు కాలువ తర్వాత, రోడ్డు చిట్టచివర. భూగర్భ డ్రైనేజీ మాత్రం మీ ఊరికి ఇప్పట్లో వద్దు.

వాసన అన్నారు కాబట్టి అక్కణ్ణించే మొదలుపెడతాను, ఎందుకంటే మీరు రాసినవాటిలో ప్రాణం మీదికొచ్చేది అదొక్కటే. పాత వీధుల్లో మెయిన్ పైపు రోడ్డుకి ఒక పక్కనే ఉంటుంది. అవతలి వైపు ఇళ్ళకి అరంగుళం జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు రోడ్డు కింద దాటి, సైడు కాలువలో మునిగి, గుమ్మం ముందు పైకి లేస్తుంది. మురుగులో నానే ఆ ముక్క కొన్నేళ్ళకే తుప్పు తినేస్తుంది. ఒక ఊళ్ళో కుళాయి నీళ్ళు పచ్చగా వస్తున్నాయని ఫిర్యాదొస్తే మా ఫిట్టర్‌తో కలిసి కాలువలో పూడిక తీయించి చూశాం. ఒక ఇంటి పైపుకి సైకిల్ ట్యూబు చుట్టి బైండింగ్ వైరుతో బిగించి ఉంది. విప్పితే గోరంత చిల్లు. సప్లై ఉన్నంతసేపూ నీళ్ళు అందులోంచి బయటికి చిమ్ముతూనే ఉన్నాయి. ఫిట్టర్ వెళ్ళి వాల్వ్ కట్టేశాడు. చిమ్మడం ఆగింది. ఈలోగా పక్కింటివాళ్ళు మిగిలిన నీళ్ళు లాగడానికి మోటారు వేశారు. కాలువలోని నల్లనీళ్ళు ఆ చిల్లు దగ్గర చిన్న సుడి తిరుగుతూ పైపులోకి పోవడం కళ్ళారా చూశాం. చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళలో ఒకావిడ, "ఇన్నాళ్ళూ ఇవేనా బాబూ మేం తాగింది" అంది. ఆ మాట నేనింకా మర్చిపోలేదు.

జరిగేది అదే. సప్లై ఆగాక పైపు ఖాళీ అవుతుంటే లోపల ఒత్తిడి పడిపోతుంది. కుళాయికి నేరుగా మోటారు బిగిస్తే ఇంకా పడిపోతుంది. చిల్లు ఎక్కడుంటే అక్కణ్ణించి మురుగు లోపలికి వస్తుంది. మర్నాడో ఎల్లుండో మళ్ళీ వాల్వ్ తిప్పినప్పుడు ఆ మురుగే ముందు మీ బిందెలోకి దిగుతుంది. మీకు మొదట్లో మాత్రమే వాసన రావడానికి కారణం ఇదే అయ్యుంటుంది. ట్యాంకు దగ్గర ఎంత క్లోరిన్ కలిపినా, దారిలో మురుగు కలిస్తే అది అక్కడే ఖర్చయిపోతుంది. చివరి ఇంటి కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. రంగు చూసి చెప్పే చిన్న క్లోరోస్కోప్ మున్సిపాలిటీ దగ్గరే ఉంటుంది, మీ ఇంటి దగ్గరికి తెచ్చి చూపించమని అడగండి. 2018 మార్చిలో గుంటూరు పాతపట్నం వైపు అతిసారం ప్రబలి పలువురు చనిపోయారు. తాగునీళ్ళలో మురుగు కలవడం వల్లే. అంత పెద్ద ఊళ్ళో జరిగింది మీ ఊళ్ళో జరగదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

దీనికి ఊరంతా కొత్త పైపులు వెయ్యక్కర్లేదు. మెయిన్ పైపు బాగానే ఉండి ఇళ్ళ కనెక్షన్లు పాడైన వీధులే ఎక్కువ. వాటిని మధ్యలో అతుకు లేని హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపుతో మార్చండి. మెయిన్ మీద సాడిల్ (ఇంటి పైపుని మెయిన్‌కి కలిపే బిగింపు) కొత్తది పెట్టించండి. పైపు కాలువలోంచి పోకుండా కాలువ గోడ పైనుంచి, దానికి తొడుగు పైపు వేసి దాటించండి. పాత ఏసీ (ఆస్బెస్టాస్ సిమెంటు) మెయిన్లుంటే మాత్రం వీధివీధిగా మార్చాల్సిందే. కొత్త మెయిన్ వేసేటప్పుడు మురుగు లైనుకి 3 మీటర్ల ఎడంగా, దానికంటే పైమట్టంలో ఉంచాలి. ఇరుకు సందుల్లో అంత ఎడం దొరకదు. అప్పుడు కనీసం పైమట్టం అన్న నియమాన్నయినా వదలొద్దు. ట్రెంచి పూడ్చే ముందే, అతుకులు బయటికి కనపడుతుండగానే ప్రెజర్ టెస్ట్ చెయ్యాలి. పూడ్చాక చేస్తే ఎక్కడ కారుతోందో వెతకడానికి మళ్ళీ జేసీబీ కావాలి.

ఇక ఉన్న నీళ్ళెన్ని అన్నది చూడండి. భూగర్భ డ్రైనేజీ లేని ఊరికి మనిషికి రోజుకి 70 లీటర్లు, ఉన్న ఊరికి 135 లీటర్లు అని 1999 నాటి కేంద్ర ప్రభుత్వ మాన్యువల్ లెక్క. పాతికవేల మందికి 70 చొప్పున రోజుకి 17.5 లక్షల లీటర్లు. డెల్టాలో ఎండాకాలం పంటకాలువలకి నీళ్ళు ఆపేస్తారు కాబట్టి ఆ రోజులన్నిటికీ సమ్మర్ స్టోరేజ్ ట్యాంకే దిక్కు. ఆపేసే కాలం 60 రోజులనుకుంటే 10.5 కోట్ల లీటర్లు నిలవ ఉండాలి. 3 మీటర్ల లోతున ఆ నీళ్ళు పట్టడానికి దాదాపు 9 ఎకరాల చెరువు కావాలి, ఆవిరయ్యేదీ ఇంకిపోయేదీ కాకుండా. మీ ఊరి ట్యాంకు ఎన్ని ఎకరాలు, పూడిక ఎప్పుడు తీశారు అన్నవి ముందు కనుక్కోండి.

భూగర్భ డ్రైనేజీ వద్దంటున్నది ఈ లెక్క వల్లే. మురుగు పైపు తనని తాను కడుక్కుంటూ పోవాలంటే లోపల నీటి వేగం సెకనుకి కనీసం 0.6 మీటర్లుండాలి. ఇంటికి వచ్చే నీళ్ళే తక్కువైతే ఆ వేగం రాదు. మలం పైపులోనే పేరుకుంటుంది, మ్యాన్‌హోళ్ళు పొంగుతాయి. రెండోది, మీది పళ్ళెంలాంటి నేల. 8 అంగుళాల పైపుకి వెయ్యి మీటర్లకి 4 మీటర్ల వాలు ఇవ్వాలంటే, మొదట మీటరు లోతులో ఉన్న పైపు చివర 5 మీటర్ల లోతుకి దిగుతుంది. డెల్టాలో మీటరున్నర తవ్వితే చాలాచోట్ల నీళ్ళూరతాయి. ఊటనీళ్ళు తోడుతూ, మట్టి కూలకుండా షోరింగ్ కట్టుకుంటూ పదహారడుగుల ట్రెంచిలో ఇరుకు సందుల్లో పైపు వెయ్యడం ఎంత ఖర్చో, ఎంత ప్రమాదమో ఊహించండి. నల్లరేగడి గోడ విరిగిపడితే లోపలున్న మనిషిని తీసేంత టైము కూడా ఉండదు. ఆ పైన మురుగుని ఎత్తిపోసే పంపులు, వాటి కరెంటు బిల్లు. ఇవన్నీ చేశాక కూడా, ఇంటి నుంచి వీధిలోని ఛాంబరు దాకా పైపు ఎవరి ఖర్చు అన్న దగ్గర ఎస్టిమేటు మౌనంగా ఉంటుంది. ఇళ్ళు కలపని మురుగు లైను ఉండీ లేనట్టే.

మరి దొడ్డి మురుగు ఎటు? ప్రతి ఇంటికీ సరైన సెప్టిక్ ట్యాంకు ఉందో లేదో వార్డువారీగా సర్వే చేయించండి. నేను చూసిన చాలా వీధుల్లో పైపు నేరుగా కాలువలోకే ఉండేది. ట్యాంకులో రెండు మూడేళ్ళకోసారి పూడిక తీయించాలి. పూడిక తీసే బండి దాన్ని తీసుకెళ్ళి ఎక్కడ పోస్తోంది అన్నది ఇంకా ముఖ్యం. పంటకాలువ గట్టు మీద రాత్రిపూట ఒంపేస్తే అది మళ్ళీ మీ స్టోరేజ్ ట్యాంకుకే చేరుతుంది. మల వ్యర్థాల మీద 2017లో కేంద్రం జాతీయ విధానం తెచ్చాక చిన్న ఊళ్ళకి విడిగా శుద్ధి కేంద్రాలు కట్టడం మొదలైంది. రెండు మూడు ఊళ్ళు కలిసి ఒకటి కట్టుకున్నా సరిపోతుంది. ట్యాంకులోకి మాత్రం మనిషిని దించనివ్వకండి. రక్షణ పరికరాలు లేకుండా దించడం, పాకీ పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. లోపలి గాలికి క్షణాల్లో ప్రాణం పోతుంది. ఎవరి పిల్లల తండ్రో ఆ గోతిలో పోవడం కంటే ఆ పని నెల ఆగినా నయం.

సైడు కాలువల విషయంలో ఒక్క మాట గట్టిగా చెబుతాను. కాలువ పని వీధి చివర, అంటే నీళ్ళు బయటికి పోయే చోట మొదలుపెట్టి పైకి రావాలి. మన దగ్గర కౌన్సిలర్ గారి ఇంటి ముందు కొబ్బరికాయ కొట్టి అక్కణ్ణించి కింద దాకా కట్టుకుంటూ పోతారు. తీరా చివరికొచ్చేసరికి కల్వర్టు అడుగు మట్టం కొత్త కాలువ కంటే అరడుగు ఎత్తులో ఉంటుంది. ఆ కాలువ ఇక దోమలకి తొట్టి. మీ ఊరి మురుగు చివరికి కలిసే పెద్ద డ్రెయిన్‌లో వానాకాలం నీటిమట్టం ఎంత దాకా వస్తుందో అక్కడి పొలాల రైతుల్ని అడిగితే చెబుతారు. ఆ మట్టం, దారిలో ఉన్న ప్రతి కల్వర్టు అడుగు మట్టం, ప్రతి వీధి మట్టం ఆటోలెవెల్‌తో (ఎత్తుపల్లాలు కొలిచే పరికరం) తీసి ఒక కాగితం మీద పెట్టాలి. దీనికి పట్టేది కొద్ది రోజులు, ఖర్చు చాలా తక్కువ. ఇది లేకుండా కాలువకి టెండరు పిలిస్తే ఒప్పుకోకండి. కాలువ మీద పలకలు మనుషులు ఎత్తగలిగే సైజులో ఉండాలి. అరుగులూ మెట్లూ కాలువ మీదికి కట్టేసిన ఇళ్ళ విషయం కూడా అప్పుడే తేల్చుకోవాలి.

రోడ్డు గురించి తక్కువే చెబుతాను, అందరికీ తెలిసిన పని కాబట్టి. పాత రోడ్డు మీదే 6 అంగుళాల కాంక్రీటు పోసుకుంటూ పోతే రెండు మూడు విడతలకి ఇళ్ళు పల్లంలో పడతాయి, వాననీళ్ళు గదుల్లోకొస్తాయి. అందుకని బాక్స్ కటింగ్ చేసి, అంటే రోడ్డు వెడల్పునా తవ్వి, పాతది తీసేశాకే కొత్తది వెయ్యమనండి. పూర్తయిన రోడ్డు మట్టం వీధిలో అన్నిటికంటే పల్లపు గుమ్మం కంటే కిందే ఉండాలి. రేపటి కుళాయిల కోసం అక్కడక్కడ రోడ్డుకి అడ్డంగా ఖాళీ పీవీసీ పైపులు ముందే పెట్టించండి. లేకపోతే కాంక్రీటు ఆరీ ఆరకముందే కనెక్షన్ కోసం బద్దలు కొడతారు, ఆ అతుకు దగ్గరే గుంత మొదలవుతుంది. కాంక్రీటు పోసేందుకు రోడ్డు పక్కల నిలబెట్టే పలకల ఎత్తు టేపు పెట్టి కొలవండి. మూడున్నర మీటర్ల వెడల్పు, వంద మీటర్ల పొడవు, 150 మిల్లీమీటర్ల మందం అంటే 52.5 ఘనపు మీటర్లు. పలక ఎత్తు 120 మిల్లీమీటర్లే ఉంటే అది 42కి పడిపోతుంది. పోసిన మర్నాటికల్లా జాయింట్లు కోయాలి, ఆలస్యమైతే కాంక్రీటు తనకిష్టమైన చోట పగులుతుంది. రెండు వారాలు మడులు కట్టి నీళ్ళు నిలపాలి. ఆ పని మీ వీధివాళ్ళే దగ్గరుండి చూసుకోగలరు.

డబ్బు సంగతికొస్తే, 2021 అక్టోబరులో మొదలైన కేంద్ర పథకం అమృత్ 2.0లో మున్సిపాలిటీలన్నిటి తాగునీటి పనులకీ చోటిచ్చారు. పదిహేనో ఆర్థిక సంఘం గ్రాంట్లలో ఎక్కువ భాగం తాగునీరు, పారిశుద్ధ్యానికే ముడిపెట్టి ఇచ్చారు. మీకొచ్చిన నిధులు ఏ పద్దువో కమిషనర్ గారి ఆఫీసులో అడగండి. రోడ్డుకి వాడటానికే వీల్లేని డబ్బు అయితే వార్డులో వాదనే ఉండదు.

ఒకవేళ జనం రోడ్డే కావాలని పట్టుబడితే, పైన చెప్పినట్టు పూడిక తీసి ఒక పాత కనెక్షన్ చూపించండి. మాటల్లో చెప్పినప్పుడు ఒప్పుకోనివాళ్ళు, ఆ పైపు చూశాక రోడ్డు ఒక సంవత్సరం ఆగినా పర్లేదన్న సందర్భాలు నాకు తెలుసు. మీ వీధి ఎస్టిమేటు, లెవెల్స్ కాగితం సమాచార హక్కు కింద తీసుకోవచ్చు. దొరికితే ఫొటో ఇక్కడ కామెంట్లో పెట్టండి, వాలు సరిపోతుందో లేదో నేను లెక్కేసి చెబుతాను.