హెడ్ దించి బిగించాక మిస్సింగ్ వస్తుంటే ఎక్కడి నుంచి వెతకాలి?

అన్నా, మీరు రాసింది చదివాను. పరకాలలో ఉంటారు, పెట్రోల్ కారు, హెడ్ (ఇంజిన్ పై భాగం) కింది గ్యాస్కెట్ పోయింది. హెడ్ దించి ఫేసింగ్ (అడుగు చదును చేయడం), వాల్వ్ పని చేయించారు, పిస్టన్ రింగులు కూడా కొత్తవి వేయించారు. తీసుకొచ్చిన నాలుగో రోజు నుంచి నిలబడ్డప్పుడు బండి వణుకుతోంది, చెక్ ఇంజిన్ లైటు అప్పుడప్పుడు మిణుకుతోంది. ప్లగ్గులు మార్చినా తేడా లేదు. మేస్త్రీ ఏమో "కొత్త పని కదా, వెయ్యి కిలోమీటర్లు తిరిగితే సెట్ అవుతుంది" అంటున్నాడు. ఆగాలా, మళ్లీ ఇంజిన్ విప్పించాలా అని అడిగారు.

ఆగొద్దు. రింగులు కొత్తవైతే మొదట్లో కొంచెం ఆయిల్ తాగడం, ఇంజిన్ బిగువుగా ఉండటం మామూలే. మిస్సింగ్ మాత్రం అలా రాదు. నాలుగు సిలిండర్లలో ఒకటి సరిగ్గా మండటం లేదంటే అక్కడ ఏదో తప్పు ఉన్నట్టే. తిరిగితే తగ్గదు, పైగా నష్టం పెరుగుతుంది. మండని పెట్రోల్ సిలిండర్ గోడ మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, మీ కొత్త రింగులు పొడిగా రాసుకుంటాయి. మిగిలిన పెట్రోల్ సైలెన్సర్ వైపు పోయి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. అది పాడైతే ఇప్పుడు పెట్టిన ఖర్చుకు ఇంకో పెద్ద ఖర్చు తోడవుతుంది. లైటు వెలిగి ఉండటం వేరు, మిణుకుతూ ఉండటం వేరు. మిణుకుతోందంటే కన్వర్టర్‌కు దెబ్బ తగిలేంత మిస్సింగ్ ఉందని బండి చెబుతోంది. అప్పుడు నడపకండి.

నాకూ ఇదే జరిగింది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. రెండేళ్ల క్రితం మే నెలలో ములుగు నుంచి హనుమకొండ వస్తుంటే గూడెప్పాడ్ దాటాక రేడియేటర్ కింది పైపు చీలింది. నేను చూసేసరికి టెంపరేచర్ ముల్లు పైకి వెళ్లిపోయింది. మాది 1.2 లీటర్ పెట్రోల్. వరంగల్‌లోనే ఒక షెడ్డులో హెడ్ దించారు, లేత్‌లో ఫేసింగ్ కొట్టించారు, వాల్వులు గ్రైండ్ చేయించారు. పొద్దున చల్లగా స్టార్ట్ చేస్తే బండి సాఫీగా ఉండేది. కాజీపేట దాకా వెళ్లొచ్చి ఇంటి ముందు ఆపితే స్టీరింగ్ చేతిలో దడదడలాడేది. రోడ్డు మీద 60లో పోతుంటే మాత్రం ఏమీ తెలిసేది కాదు. నెల రోజులు టెన్షన్ పడ్డాను.

ఆ నెలలో నేర్చుకున్నది ఇది: పని తర్వాత వచ్చిన జబ్బుకు కారణం దాదాపు ఎప్పుడూ పని చేసిన చోటే ఉంటుంది. హెడ్ దించాలంటే ప్లగ్గులకు కరెంటు ఇచ్చే కాయిల్స్, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు, గాలి లోపలికి వెళ్లే ఇన్‌టేక్ మానిఫోల్డ్, వ్యాక్యూమ్ పైపులు, ఎర్త్ కేబుల్, టైమింగ్ బెల్టో చైనో అన్నీ ఊడదీయాల్సిందే. కాబట్టి డబ్బు పెట్టే ముందు అక్కడ చూడండి. ఎర్త్ కేబుల్ బోల్టు వదులుగా ఉందేమో చేత్తో కదిపి చూడండి. ఇంజెక్టర్ సాకెట్లు టక్కుమని లాక్ అయ్యాయా? కొత్త ప్లగ్గు బిగించేటప్పుడు తెల్ల పింగాణీకి సన్నని పగులు వచ్చినా మిస్సింగ్ వస్తుంది, అది కంటికి సరిగ్గా కనపడదు.

తర్వాత బండి కంప్యూటర్‌లోని తప్పు కోడ్ చదివే స్కానర్ పెట్టించండి. పీ0301 అంటే ఒకటో సిలిండర్, 0302 అంటే రెండోది, అలా 0304 దాకా. 0300 వస్తే ఒకే దాంట్లో అని కాదు, వేర్వేరు సిలిండర్లలో అక్కడక్కడా మిస్ అవుతోందని అర్థం. నాకు 0303 వచ్చింది. మూడో కాయిల్ తీసి ఒకటోదానికి, ఒకటోది మూడోదానికి మార్చాం. తప్పు కాయిల్‌దైతే కోడ్ 0301కి మారాలి. మారలేదు. ప్లగ్గులు అలాగే మార్చాం, కోడ్ 0303గానే ఉంది. దీనికి పైసా ఖర్చు లేదు, పావుగంట పని. ఇది చేయకుండా కొత్త కాయిల్ కొనకండి. ఇంజెక్టర్ల మీద పొడవాటి స్క్రూడ్రైవర్ ఆనించి పిడిని చెవికి పెట్టుకుంటే నాలుగూ ఒకేలా టిక్ టిక్ అనాలి.

మీకు 0300 వస్తే దారి వేరు. ఇన్‌టేక్ గ్యాస్కెట్ దగ్గర గాలి లాగుతోందేమో చూడాలి. ఇంజిన్ నడుస్తుండగా ఆ జాయింటు మీద కొద్దిగా సబ్బు నీళ్లు చల్లండి, ఐడిల్ (నిలబడ్డప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) మారితే అక్కడే లీకు. కొందరు కార్బ్ క్లీనర్ కొడతారు, వేడి ఎగ్జాస్ట్ మీద పడితే అంటుకుంటుంది, నేనైతే వద్దంటాను. గాలి లీకు లేకపోతే టైమింగ్ మార్కులు మళ్లీ చూడమనండి. ఒక్క పన్ను తప్పినా ఇంజిన్ స్టార్ట్ అవుతుంది కానీ పికప్ ఉండదు, నాలుగు సిలిండర్లలోనూ కంప్రెషన్ (లోపల గాలి నొక్కుకునే ఒత్తిడి) తగ్గినట్టు కనిపిస్తుంది.

ఇక అసలు విషయం కంప్రెషన్. షెడ్డులో ఒకసారి చూసి "అన్నీ 165 పీఎస్ఐ పైనే ఉన్నాయి, ఇంజిన్ బాగుంది" అన్నారు. అది రాత్రంతా ఆగిన బండి మీద చూసిన లెక్క. నా మిస్సింగ్ వేడెక్కాకే వస్తోంది కదా, వేడి మీద చూడండి అని నేను పట్టుబట్టాను. ప్లగ్గులన్నీ తీసి, పెట్రోల్ పంపు ఫ్యూజు, కాయిల్ సాకెట్లు పీకి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాం. ఒకటి 172. రెండు 170. మూడో దాంట్లో ముల్లు నాలుగైదు సార్లు ఎగిరి 105 దగ్గర నిలబడిపోయింది. నాలుగు 174. చెంచాడు ఇంజిన్ ఆయిల్ మూడో దాంట్లో పోసి మళ్లీ చూస్తే 110. రింగుల తప్పైతే ఆయిల్ పోయగానే బాగా పెరగాలి. పెరగలేదంటే గాలి వాల్వ్ దగ్గర పోతోంది. (అల్యూమినియం హెడ్ బాగా కాలి ఉన్నప్పుడు ప్లగ్గు బలవంతంగా తిప్పితే మరలు పోతాయి, నిదానంగా తీయించండి.)

మర్నాడు ఇంజిన్ చల్లారాక ట్యాపెట్ కవర్ తీశాం. మా బండికి ఎగ్జాస్ట్ వాల్వ్ సందు (వాల్వ్‌ను నొక్కే క్యామ్‌కూ, వాల్వ్ మీది బకెట్‌కూ, అంటే ట్యాపెట్‌కూ, మధ్య ఖాళీ) 0.30 మిల్లీమీటర్ దగ్గర ఉండాలి. మూడో దాని దగ్గర 0.10 ఫీలర్ (సందు కొలిచే పలుచని రేకు) కూడా దూరలేదు. వాల్వూ సీటూ గ్రైండ్ చేస్తే వాల్వ్ హెడ్‌లోకి కొంచెం లోతుగా కూర్చుంటుంది, దాని కాడ ఆ మేరకు క్యామ్ వైపు పైకి లేస్తుంది, సందు తగ్గుతుంది. చల్లగా ఉన్నప్పుడు వాల్వ్ మూసుకుంటుంది. వేడికి కాడ సాగితే పూర్తిగా మూసుకోక కంప్రెషన్ పోతుంది. స్పీడు మీద లీకవడానికి టైం చాలదు కాబట్టి తెలియదు, ఐడిల్‌లో బయటపడుతుంది. హెడ్ బిగించాక ట్యాపెట్ సెట్టింగ్ కొలవకుండా వదిలేశారు, అంతే. హైదరాబాద్ నుంచి సరైన మందం ఉన్న బకెట్ తెప్పించి వేశాక వణుకు పోయింది. అలాగే ఇంకో నెల నడిపి ఉంటే ఆ వాల్వ్ అంచు కాలిపోయేది, మళ్లీ హెడ్ దించాల్సి వచ్చేది.

మీ ఇంజిన్‌కు హైడ్రాలిక్ ట్యాపెట్లు (ఆయిల్ ఒత్తిడితో సందును వాటంతట అవే సరిచేసుకునేవి) ఉంటే ఈ సందు కొలిచే పని ఉండదు. ఏవి ఉన్నాయో ముందు మేస్త్రీనే అడగండి. గొడవ పెట్టుకోకండి, ఆ ఇంజిన్ లోపల ఏం చేశారో ఆయనకే తెలుసు. "అన్నా, గ్రైండింగ్ అయ్యాక ట్యాపెట్ ఎంత పెట్టారు?" అని అడిగి, దగ్గర నిలబడి వేడి మీద కంప్రెషన్ చూపించమనండి.

హెడ్ మళ్లీ దించాలా వద్దా అన్నది ఆ లెక్క చూశాకే తేలుతుంది. స్కానర్‌లో ఏ కోడ్ వచ్చిందో, వణుకు చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకనా, నాలుగు సిలిండర్ల రీడింగ్ ఎంతో ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.