బీటెక్ బయోటెక్నాలజీయా, బీఎస్సీ మైక్రోబయాలజీయా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా అమ్మాయి ప్లస్ టూ సైన్సు పూర్తి చేసింది. నీట్‌లో సీటు వచ్చే ర్యాంకు రాలేదు. సూక్ష్మజీవుల మీద విశ్వవిద్యాలయాల్లో జరుగుతున్న పరిశోధనల వార్తలు చదివి బీఎస్సీ మైక్రోబయాలజీ చేస్తానంటోంది. మేము ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో బీటెక్ బయోటెక్నాలజీ చూశాం. క్యాంపస్, హాస్టలు బాగున్నాయి, వెంటనే అడ్వాన్సు కట్టమంటున్నారు. ఏది మేలు?

జవాబు: అయ్యా, ఫలితాలు వచ్చిన ప్రతి ఏడాదీ బరంపురం నుంచి జయపురం దాకా మన తెలుగు కుటుంబాల నుంచి నాకు ఇదే ప్రశ్న వస్తుంది. డాక్టరు కాలేకపోయిన పిల్ల ఎటూ కాకుండా పోతుందేమోనన్న భయమే దాని వెనుక ఉంటుంది. ముందుగా చెబుతున్నాను, మీ అమ్మాయి దారి తప్పలేదు.

ఆమె చదివిన వార్తలు గాలి కబుర్లు కావు. కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లోని మడ అడవుల్లో, నీట మునిగి కుళ్ళుతున్న ఆకుల మీద తెల్లని దారాల వంటివాటిని ఆంటిల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఒలివియే గ్రో 2009లోనే గమనించారు. సుమారు ఒక సెంటీమీటరు పొడవుతో కంటికే కనిపించే ఆ దారం ఒకే కణం గల బ్యాక్టీరియా అని 2022లో గాని లోకానికి రుజువుతో చెప్పలేకపోయారు. మరొకటి చూడండి. 1998లో అమెరికా శాస్త్రవేత్త జొనాథన్ జెహర్ బృందానికి పసిఫిక్ సముద్రపు నీటిలో, నత్రజనిని స్థిరీకరించే, అంటే గాలిలోని నత్రజనిని జీవులు వాడుకోగల రూపంలోకి మార్చే ఒక అపరిచిత సూక్ష్మజీవి డీఎన్ఏ ముక్క దొరికింది. ఆ జీవికి ఆశ్రయమిచ్చే శైవలాన్ని, అంటే నాచు జాతికి చెందిన సూక్ష్మమైన సముద్ర జీవిని, ప్రయోగశాలలో పెంచడానికే జపాన్‌లోని కోచి విశ్వవిద్యాలయ పరిశోధకురాలు క్యోకో హగినోకు పదేళ్ళకు పైగా పట్టింది. ఆ సూక్ష్మజీవి ఇప్పుడు విడి జీవి కాదు, శైవల కణంలో ఒక అంగంగానే మారిపోయిందని 2024లో తేలింది. దానికి నైట్రోప్లాస్ట్ అని పేరు పెట్టారు.

పరిశోధన అంటే ఇంత నిదానం. అమ్మాయికి ఈ సంగతి తెలిసి ఇష్టపడుతోందా అని అడగండి. అయితే ఈ నిదానంలో ఆకలి ఉండదు. నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష ద్వారా జేఆర్ఎఫ్, అంటే పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్ వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు.

ఇక బీటెక్ బయోటెక్నాలజీ మీద నాకున్న అనుమానాలు దాచను. పేరులో ఇంజనీరింగ్ ఉన్నంత మాత్రాన ఉద్యోగం ఇంజనీరు ఉద్యోగం కాదు. కళాశాల చూపే ప్లేస్‌మెంట్ జాబితాలో సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఎన్ని, ఔషధ కంపెనీలు ఎన్ని అని వేరు చేసి లెక్క అడగండి. ఔషధ పరిశ్రమలో నాణ్యత పరీక్షల ల్యాబులు మైక్రోబయాలజీ డిగ్రీ ఉన్నవారిని నేరుగానే తీసుకుంటాయి.

మీరు హాస్టలు గదులు చూశారు, ప్రయోగశాల చూశారా? మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. బంధువులకు చెప్పుకోవడానికి బీటెక్ బాగుంటుందన్న ఆలోచన మీ మనసులో ఉంటే, దాని ఖరీదు నాలుగేళ్ళ ఫీజు. పరికరాలను ఆవిరితో క్రిమిరహితం చేసే ఆటోక్లేవ్ రోజూ 121 డిగ్రీల మీద పనిచేస్తోందా, బీరువా పక్కన దుమ్ము పట్టి ఉందా? సూక్ష్మజీవులను పెంచే అగార్ ప్లేట్లు విద్యార్థులే పోస్తున్నారా, లేక అటెండరు పోసిపెడితే వీళ్ళు రికార్డులో బొమ్మలు గీస్తున్నారా? పోసిన ప్లేటు పాడై బూజు పట్టి, మళ్ళీ మొదటి నుంచి చేసుకున్న పిల్లలకే ఈ విద్య చేతికి వస్తుంది. బీఎస్సీ కళాశాలకు వెళ్ళినా ఇవే అడగండి.

దగ్గరలో మైక్రోబయాలజీ ఆనర్స్ దొరక్కపోతే బోటనీ గాని జువాలజీ గాని చదివి, ఎమ్మెస్సీలో ఇటు మళ్ళవచ్చు. బరంపురం విశ్వవిద్యాలయంలో బయోటెక్నాలజీ, మెరైన్ సైన్సెస్ శాఖలున్నాయి. కేంద్ర ప్రభుత్వ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థల్లో ఐసర్ కూడా బరంపురంలోనే ఉంది, నైసర్ భువనేశ్వర్‌లో ఉంది. ఆంధ్రాకు పంపాలనుకుంటే, అక్కడ 85 శాతం సీట్లు స్థానికులవి కాబట్టి, ఒడిశాలో చదివిన మీ అమ్మాయి సాధారణంగా మిగిలిన 15 శాతంలో పోటీ పడవలసి వస్తుందని గుర్తుంచుకోండి.

బీఎస్సీతోనే ఆగితే విశాఖ దగ్గరి పరవాడ ఫార్మా సిటీ, తీరంలోని రొయ్యల హేచరీలు, నీటి పరీక్షల ల్యాబులు ఉన్నాయి. తొలి జీతం తక్కువ, షిఫ్టులు తప్పవు. ఎమ్మెస్సీ దాకా చదివించే ఓపిక పెట్టుకోండి. ఆసుపత్రి ల్యాబే కావాలంటే ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) వేరే చదువు, దీనితో కలపకండి.

అడ్వాన్సు గడువు ఆ కళాశాల అవసరం, మీది కాదు. ఈ వారమే అమ్మాయిని వెంటబెట్టుకొని రెండు ప్రయోగశాలలు చూసి రండి. అక్కడ ప్రశ్నలు మాత్రం ఆమెనే అడగనివ్వండి.